అన్నం ముందు భయం

పాలమూరు, నల్లగొండ ఇళ్లలో అన్నం తినకపోవడానికి పెద్దలు ఒప్పుకునే కారణాలు కొన్నే. జ్వరమైనా ఉండాలి, ఒక్కపొద్దైనా ఉండాలి. ఆ రెండూ కాకుండా డిగ్రీ చదివే బిడ్డ ముందున్న కంచం ముట్టడం లేదంటే దాన్ని ఎవరూ జబ్బు అనుకోరు. నకరాలు అంటారు, మొండితనం అంటారు. ముంబై, పుణెలకు వలస పోయి, మట్టి మోసి పిల్లల కడుపు నింపిన తరం అది. ఇంట్లో బియ్యం ఉండగా పస్తులుండటం వారికి అర్థం కాకపోతే వారి తప్పేమీ లేదు. అయితే ఆ బిడ్డ కావాలని చేయడం లేదని, అది వైద్యం ఉన్న వ్యాధి అని వారికి చెప్పాల్సిన బాధ్యత కాలేజీలకు, వైద్యశాఖకు ఉంది. పత్రికగా మాకూ ఉంది.

తిండి చుట్టూ తిరిగే ఈ జబ్బులను ఈటింగ్ డిజార్డర్లు అంటారు. ఇవి మానసిక వ్యాధుల కోవలోకి వస్తాయి. అనొరెక్సియా ఉన్నవారిని లావైపోతామన్న భయం ఎంతగా పట్టుకుంటుందంటే, ఎముకలు తేలినా అద్దంలో తమకు తాము లావుగానే కనిపిస్తారు. బులీమియాలో అదుపు తప్పి తినేయడం, ఆ వెంటనే భయంతో చాటుగా వాంతి చేసుకోవడం జరుగుతుంది. బింజ్ ఈటింగ్‌లో వాంతి ఉండదు, కానీ ఆకలి లేకున్నా ఆగకుండా తినడం, ఆ తర్వాత కుమిలిపోవడం మామూలే. బులీమియా ఉన్నవారిలో చాలామంది చూడటానికి సరైన బరువుతోనే ఉంటారు. మనిషిని చూసి ఏ జబ్బూ లేదనడం అందుకే ప్రమాదం. ఇది ఆడపిల్లల సమస్య మాత్రమే కూడా కాదు. కండల కోసం జిమ్‌లో గంటలు గడుపుతూ, ఒక్కపూట వ్యాయామం తప్పితే తిండి మానేసే కుర్రాళ్లూ ఇందులో చిక్కుకుంటారు.

మొండితనం అనే మాటకు 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగమే సమాధానం. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలల పాటు తిండిని దాదాపు సగానికి తగ్గించారు. వారిలో చాలామంది స్నేహితులకు దూరమయ్యారు, చిరాకు పడ్డారు, దిగులులో కూరుకుపోయారు. పొద్దస్తమానం తిండి గురించే ఆలోచించారు. తిండి మళ్లీ ఇచ్చాక కూడా కొందరికి తినడం మీద అదుపు దొరకలేదు. వారెవరికీ అంతకుముందు మానసిక సమస్య లేదు. అర్ధాకలి మెదడునే మార్చేస్తుంది. డైటింగ్ పేరుతో మొదలుపెట్టిన పిల్ల నెలల తర్వాత ‘తిను’ అన్న ఒక్క మాటకు ఏడ్చేస్తోందంటే, అది ఆమె స్వభావం కాదు, జబ్బు.

మన ప్రాంతంలో ఈ జబ్బు దాక్కోవడానికి చోటు ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట కళ్లు తిరిగి పడిపోయిన విద్యార్థినికి ఐరన్ గోలీలు రాసిచ్చి పంపేస్తే ఎవరికీ వింతగా అనిపించదు. నెలసరి ఆగిపోతే చదువు టెన్షన్ అంటారు, కడుపులో మంటంటే గ్యాస్ అంటారు. చివరికి పళ్లు కూడా జబ్బును బయటపెట్టవు. తరచూ వాంతి చేసుకునేవారికి ముందు పళ్ల లోపలి వైపు పైపొర అరిగిపోతుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్లగొండలో పళ్లు పాడైతే ఇంకో కారణం ఎవరు వెతుకుతారు? ఫ్లోరోసిస్ మచ్చలకు, ఆమ్లం వల్ల వచ్చే అరుగుదలకు తేడా దంతవైద్యులకు తెలుస్తుంది. ఆ తేడా కనిపించినప్పుడు మెల్లగా ఒక ప్రశ్న అడగాలని వారిని కోరుతున్నాం.

ఇంటి వాతావరణం మారి హాస్టల్‌కు వచ్చే 17, 18 ఏళ్ల ప్రాయం ఈ వ్యాధులు ఎక్కువగా మొదలయ్యే వయసే. రీల్స్‌లో కనిపించే నడుములే దీనికంతటికీ కారణమని తేల్చేయడం తేలిక. వంశపారంపర్యం, అన్నీ పక్కాగా ఉండాలనే స్వభావం, పరీక్షల ఒత్తిడి, ఎప్పుడో మనసుకు తగిలిన దెబ్బలు కూడా కలిసే పనిచేస్తాయి. ‘లావైనవేందే, పెండ్లెట్లయితది?’ అని పండుగకు వచ్చిన చుట్టాలు నవ్వుతూ అనే మాట కూడా తక్కువదేమీ కాదు. దాన్ని మానేయడానికి బడ్జెట్ అక్కర్లేదు.

మరి బాధ బయటపెట్టిన విద్యార్థి ఎక్కడికి పోవాలి? ఇక్కడే మాకు కోపం వస్తోంది. వైద్య వసతి లేక కాదు, ఉన్నదాన్ని వాడుకోకపోవడం వల్ల. రాష్ట్రం ఏర్పడేనాటికి ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో ఒక్క ప్రభుత్వ వైద్య కళాశాల లేదు. 2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండ, సూర్యాపేటలకు, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలకు, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరికి అవి వచ్చాయి. వైద్య కళాశాల అంటే మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. అదే పట్టణంలో డిగ్రీ కాలేజీ ఉంటుంది, హాస్టళ్లు ఉంటాయి. పాలమూరు విశ్వవిద్యాలయం, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం కూడా ఆయా జిల్లా కేంద్రాల్లోనే ఉన్నాయి. ఆ విభాగం నుంచి ఒక డాక్టర్ వారానికి ఒక పూట క్యాంపస్‌కు వచ్చి కూర్చుంటే, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితేనే భయపడే పిల్లలు మామూలు ఓపీకి వచ్చినట్టు వస్తారు. వైద్య విద్య, ఉన్నత విద్యా శాఖలు కలిసి ఒక ఉత్తర్వు ఇస్తే ఇది మొదలవుతుంది.

సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు ప్రకారం వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి, హెల్ప్‌లైన్ నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో రాయాలి. మన జిల్లాల్లో ఎన్ని కాలేజీలు ఈ పని చేశాయో కలెక్టర్లు కాలేజీల వారీగా ప్రకటించాలి. లెక్చరర్లలో ఒకరికి ‘కౌన్సెలింగ్ ఇన్‌చార్జి’ అని పేరు పెట్టడాన్ని నియామకంగా చూపితే ఒప్పుకోకూడదు. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర ఏ విద్యార్థి మనసు విప్పుతాడు? చెప్పింది బయటకు పోదన్న హామీ కూడా ముఖ్యం. వైద్యం తీసుకునేవారి గోప్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది.

హాస్టల్‌లో ముందుగా గమనించేది డాక్టర్ కాదు. రూమ్మేట్, వార్డెన్, మెస్‌లో వడ్డించే అక్క. అందరితో కూర్చొని తినకపోవడం, తిన్న వెంటనే ప్రతిసారీ బాత్రూమ్‌కు వెళ్లడం, ఎండాకాలంలోనూ చలి అనడం, బరువు గురించే మాట్లాడటం కనిపిస్తే పక్కకు పిలిచి అడగాలి. ‘ఎందుకు తింటలేవు’ అని గద్దించడం కన్నా, ‘నీకు ఈ మధ్య ఏమన్నా బాధగా ఉందా’ అనడం మేలు. చాలా రోజులు సరిగా తినని బిడ్డను ఇంటికి తీసుకెళ్లి ఒక్కసారిగా కడుపునిండా తినిపించాలని తల్లికి అనిపిస్తుంది. అలా చేయొద్దు. చిక్కిపోయిన ఒంట్లో లవణాలు హఠాత్తుగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. తిండి పెంచడం డాక్టర్ పర్యవేక్షణలో, కొంచెం కొంచెంగా జరగాలి. స్పృహ తప్పినా, గుండె దడ ఆగకున్నా, నిలబడే ఓపిక లేకున్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

మిగతా వేళల్లో మాట్లాడటానికి 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల ‘దోస్త్‌’లో సీటు వచ్చి చేరే ప్రతి విద్యార్థికి ఇచ్చే కాగితాల్లో, ప్రతి హాస్టల్ మెస్ గోడ మీద ఆ నంబర్‌ను ఈ విద్యాసంవత్సరంలోనే రాయించాలి. దాని పక్కనే, ఆ కాలేజీకి డాక్టర్ ఏ రోజు, ఏ పూట వస్తారో కూడా ఉండాలి.