గండికోటకు సొంత పేరు లేదా?

చలికాలం మొదలవగానే ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. పైన ఎర్రటి కొండచరియ, దాని అంచున చేతులు చాచి నిలబడ్డ యువకుడు, కింద ఆకుపచ్చని నీరు. బొమ్మ కింద మాటలు ఏటా దాదాపు ఇవే: ‘గ్రాండ్ క్యానియన్ చూడడానికి అమెరికా వెళ్ళనక్కరలేదు, అచ్చం అలాంటిదే మన జమ్మలమడుగు దగ్గర ఉంది. భూకంపానికి రెండుగా చీలిన ఎర్ర గ్రానైట్ కొండ. మనిషి చేయి పడని ప్రకృతి. పక్కనే 1123లో ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు కట్టించిన కోట ఉంది గానీ అంతా శిథిలం, చూడడానికి ఏమీ లేదు. పొద్దున్నే సూర్యోదయం చూసుకుని రెండు గంటల్లో తిరిగి రావచ్చు.’

ఇందులో వంక పెట్టలేని మాట జమ్మలమడుగు దగ్గర ఉందన్నది. అక్కడి నుంచి సుమారు 15 కిలోమీటర్లే. మిగిలినవి ఒక్కొక్కటిగా చూద్దాం.

‘అచ్చం గ్రాండ్ క్యానియన్’

కొలరాడో నది తవ్విన ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నిచోట్ల 1,800 మీటర్లు దాటుతుంది, వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గండికోట దగ్గర పెన్న లోయ లోతు సుమారు 100 మీటర్లు. ఇటు గట్టున కూర్చుని అటు గట్టు మీది బండలను లెక్కపెట్టుకోవచ్చు. అచ్చం అనే మాటకు తెలుగులో ఇంకా అర్థం మిగిలి ఉంటే, దాన్ని ఇక్కడ వాడకూడదు.

చిన్నది కావడం గండికోటకు లోటు కాదు. అసలు సంగతి ఆ చిన్నతనంలోనే ఉంది. ఈ లోయ సరిగ్గా కోటకు పనికొచ్చే కొలతలో ఉంది: శత్రువు ఎక్కడానికి వీల్లేనంత నిటారు, బురుజు మీద పహారా కాసేవాడి కంటికి ఆనేంత ఇరుకు. ఒక పక్క గోడను నది కట్టిపెట్టింది, మిగిలిన పక్కలు మనుషులు కట్టుకున్నారు. కోటను వదిలేసి లోయను మాత్రమే చూసి వచ్చేవారు సగం గోడను చూసి వస్తున్నట్టు.

పేరు కూడా అదే చెబుతోంది. చెరువుకు గండి పడిందని ఇప్పటికీ అంటాం. నీరు కట్టను తెంచుకుని పోయిన చోటు గండి. కొండను నది తెంచుకుని పోయిన చోటూ గండే. ఇదే కడప జిల్లాలో పాపఘ్ని నది కొండను కోసుకుని వచ్చే చోట ఆంజనేయస్వామి గుడి ఉన్న ఊరి పేరు కూడా గండి. ఆ పాపఘ్ని వచ్చి కలిసేది పెన్నలోనే. భూగోళ పాఠం చెప్పడానికి మన ముందువాళ్ళకు రెండక్షరాలు సరిపోయాయి. మనకు అమెరికా కావలసివచ్చింది.

‘ఎర్ర గ్రానైట్’

ఈ మాట సందేశాల్లోనే కాదు, పర్యాటక కరపత్రాల్లోనూ కనిపిస్తుంది. గ్రానైట్ భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా చల్లారి గట్టిపడితే ఏర్పడేది. పొరలు ఉండవు. ఎండకూ వానకూ అరిగేటప్పుడు గుండ్రాళ్ళుగా తేలుతుంది. లేపాక్షి దారిలో, హంపిలో, హైదరాబాదు చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు అవే. గండికోట చరియ ఫోటోను ఒకసారి పెద్దది చేసి చూడండి. గుండ్రటి రాయి ఎక్కడా ఉండదు. అడ్డంగా పొరలు, నిలువుగా చీలికలు, ఆ రెండింటి మధ్య చెక్కిపెట్టినట్టు నలుపలకల దిమ్మెలు. ఇది క్వార్ట్జైట్. ఒకప్పుడు నీటి అడుగున పరుచుకున్న ఇసుక, మీద పడ్డ బరువుకు రాయిగా బిగిసి, ఇంకా గట్టిపడి ఇలా అయింది. అప్పటికి భూమి మీద చెట్టూ లేదు, జంతువూ లేదు.

భూవిజ్ఞానులు ఈ రాతికి పెట్టుకున్న పేరు ‘గండికోట క్వార్ట్జైట్’. కడప బేసిన్ అనే పెద్ద శిలల దొంతరలో ఒక పొరకు ఈ ఊరి పేరే ఉంది. శాస్త్రం తన పుస్తకాల్లో మన ఊరి పేరు రాసుకుంటే, మనం వేరే దేశపు లోయ పేరు అరువు తెచ్చుకోవడం నాకైతే నవ్వు తెప్పిస్తుంది. నవ్వు కాస్త చేదుగానే ఉంటుంది.

ఇదే బేసిన్‌లో ఇంకా పైపొరల్లో ఉన్నది నల్ల సున్నపురాయి. మన ఇళ్ళలో గచ్చుకూ అరలకూ వాడే కడప బండ ఆ జాతిదే. గ్రానైట్ కావాలనుకునేవారికి సీమలో కొదవ లేదు, గండికోటలో మాత్రం వెతకవద్దు.

‘భూకంపానికి చీలింది’

దీనికి ఎక్కువ మాటలు అక్కరలేదు. ఇటు గట్టు మీది పొరలూ అటు గట్టు మీది పొరలూ ఎదురెదురుగా, దాదాపు ఒకే ఎత్తులో నడుస్తాయి. మధ్యలో ఉన్న రాయి మాత్రం లేదు. దాన్ని నది, లెక్కకందనన్ని వరదల్లో, ఇసుకా గులకరాళ్ళతో ఒరుసుకుంటూ మోసుకుపోయింది. రాతిలో ముందే ఉన్న చీలికలు దానికి దారి చూపాయి. ఒక్క రాత్రిలో కొండ పగలడం కథకు బాగుంటుంది. పెన్నకు ఆ తొందర లేదు.

‘మనిషి చేయి పడని ప్రకృతి’

సందేశం మొత్తంలో నన్ను ఎక్కువగా నొప్పించే మాట ఇది.

పెన్న కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి, 597 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. వానల మీద బతికే నది. వేసవిలో దాని పొడుగునా ఇసుకే ఎక్కువ. మరి ఫోటోల్లో లోయ నిండా కనిపించే ఆ నిశ్చలమైన ఆకుపచ్చని నీరు ఎక్కడిది? దిగువన మైలవరం ఆనకట్ట ఉంది, అది నిలిపిన నీరు వెనక్కు ఎగదన్ని లోయలోకి వస్తుంది. ఎగువన గండికోట జలాశయం ఉంది. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. గాలేరు-నగరి పథకంలో భాగంగా, శ్రీశైలం దగ్గర పోతిరెడ్డిపాడు నుంచి బయలుదేరిన కృష్ణా జలాలు గోరకల్లు, అవుకు మీదుగా ఇక్కడికి చేరతాయి. అంటే పెన్న పేరున్న చోట నిల్వ ఉన్న నీటిలో కృష్ణ వాటా ఉంది. ఆ నీళ్ళ కోసం కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఇళ్ళూ పొలాలూ గుడి మంటపాలూ వదులుకుని మనుషులు లేచిపోయారు.

ఇంత జరిగిన చోటును మనిషి చేయి పడలేదనడం, ఆ మనుషులు లేరనడమే.

సీమకు నీళ్ళు వద్దని నేను అనడం లేదు. కరువు చూసిన నేల మీద నిలబడి ఆ మాట అనడానికి నోరు రావాలి. అంటున్నదల్లా, ఆ ఆకుపచ్చ రంగు వెనక కాలువలూ సొరంగాలూ తూములూ ఉన్నాయని. తెలిసి చూస్తే ఆ దృశ్యం తరిగిపోదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. గ్రాండ్ క్యానియన్‌కూ ఎగువన గ్లెన్ క్యానియన్ ఆనకట్ట, దిగువన హూవర్ ఆనకట్ట ఉన్నాయి. రెండు లోయలూ రెండేసి ఆనకట్టల మధ్య ఇరుక్కున్నాయి. పోలిక కావలసినవారు దీన్ని వాడుకోవచ్చు, ఎవరూ ఎందుకు వాడరో మరి.

‘1123లో, ఆహవమల్ల సోమేశ్వరుడి సామంతుడు కాకరాజు’

సందేశాల్లోనే కాదు, చరిత్ర తెలిసినవారు రాసిన వ్యాసాల్లోనూ ఈ వాక్యం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. దీన్ని కొట్టివేయడానికి శాసనాలు వెతకనక్కరలేదు, వాక్యంలోని రెండు సగాలను పక్కపక్కన పెడితే చాలు. ఆహవమల్ల బిరుదున్న మొదటి సోమేశ్వరుడు కల్యాణి చాళుక్య రాజు. పాలించింది 1042 నుంచి 1068 దాకా. నయం కాని జబ్బుతో విసిగి తుంగభద్రలో దిగి ప్రాణం విడిచాడు. 1123 నాటికి ఆయన పోయి 55 ఏళ్ళు. అప్పుడు సింహాసనం మీద ఉన్నది ఆయన కొడుకు ఆరో విక్రమాదిత్యుడు. సంవత్సరమైనా తప్పు కావాలి, రాజైనా తప్పు కావాలి. రెండూ కలిపి మాత్రం నిలవవు.

అంతకన్నా గట్టి నేల మీద ఉన్న సంగతి ఇది: ఇప్పుడు మనం చూస్తున్న కోటకు రూపం ఇచ్చినది ఎక్కువగా విజయనగరానికి సామంతులైన పెమ్మసాని నాయకుల కాలం. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వారి చేతి నుంచి దీన్ని తీసుకున్నాడు. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంతో పైకెదిగినవాడు ఆయన. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఆయన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు. అప్పటి కర్ణాటక రాజ్యంలో అత్యంత బలమైన పట్టణాల్లో ఇదొకటని రాశాడు. పైకి ఒకటే దారి అనీ, అదీ కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగుల వెడల్పే అనీ, పక్కన భయంకరమైన లోయ, దాని అడుగున పెద్ద నది అనీ వర్ణించాడు. కొండ మీద ఊటల నీటితో వరి పండుతోందని కూడా గమనించాడు. లోయనూ కోటనూ పొలాన్నీ ఒకే చూపులో చూసిన మనిషి. ఇప్పటి సందేశాలు రాసేవారికన్నా ఆయన నయం.

ఈ సందేశానికే తోకలాంటి మరో రెండు రకాలు తిరుగుతున్నాయి. ఒకటి, మీర్ జుమ్లా వచ్చి గుళ్ళన్నీ నేలమట్టం చేశాడని. ఇంకొకటి, ఇక్కడ ఎన్నడూ ఏ గొడవా లేదు, గుడీ మసీదూ చేతులు కలుపుకుని నిలిచాయని. కోటలో మాధవరాయస్వామి ఆలయం గోపురంతో సహా నిలబడే ఉంది. రంగనాథస్వామి ఆలయమూ ఉంది. కాబట్టి మొదటి మాట చెల్లదు. రెండు గర్భగుళ్ళలోనూ మూలవిరాట్టు లేదు. ఫిరంగులు పోత పోయడానికి మీర్ జుమ్లా గుళ్ళలోని రాగి విగ్రహాలు సేకరించాడనీ, గండికోట గుడి విగ్రహాలు ఆరింటిని మాత్రం ఎంత ప్రయత్నించినా కరిగించలేకపోయారనీ తావెర్నియే రాశాడు. కాబట్టి రెండో మాటా చెల్లదు.

‘అంతా శిథిలం, చూడడానికి ఏమీ లేదు’

శిథిలాలు ఉన్నాయి. కాదనను. మాధవరాయ ఆలయ మంటపంలో కప్పు ఎత్తునూ స్తంభాల మీది బొమ్మలనూ చూస్తే, ఏమీ లేదన్నవారు లోపలికి అడుగు పెట్టారా అన్న అనుమానం వస్తుంది. జామియా మసీదు జంట మినార్లతో, కమానుల వరసతో దిట్టంగా ఉంది. దాని పక్కనే పెద్ద ధాన్యాగారం. ముందు కత్తుల కోనేరు. యుద్ధం నుంచి వచ్చినవారు కత్తులు కడిగితే నీరు ఎర్రబడిందని స్థానికులు కథ చెబుతారు. కోట లోపలే రాయల చెరువు. చెరసాల, పావురాల గోపురం వేరు.

వీటిని విడివిడి కట్టడాలుగా చూస్తే నాలుగు ఫోటోలతో పని అయిపోతుంది. ముట్టడిలో చిక్కిన కోటగా ఊహించుకుని చూడండి. బయటి దారి మూసుకుపోయింది. నది అందనంత లోతున ఉంది. అప్పుడు ధాన్యాగారం ఎందుకు అంత పెద్దదో, చెరువు గోడల లోపల ఎందుకుందో చెప్పించుకోవలసిన పని ఉండదు.

మరో సంగతి. కోట ప్రధాన ద్వారం దాటగానే ఎదురయ్యేది ఊరు. ఇళ్ళు, పశువులు, బడికి వెళ్ళే పిల్లలు. శిథిలం అనే మాట వాళ్ళ ముందు అనడానికి నాకు మొహమాటం.

‘రెండు గంటలు చాలు’

చరియ అంచున ఫోటో తీసుకోవడానికి రెండు గంటలు కూడా ఎక్కువే. అక్కడ రక్షణగా కటకటాలు లేని అంచు చాలా ఉంది, వెనక్కు అడుగు వేస్తూ ఫోన్ పట్టుకోకండి. అంతవరకే కావలసినవారికి సందేశం చెప్పిన లెక్క సరిపోతుంది.

చుట్టుపక్కల కూడా కలుపుకుంటే ఒక రోజు చాలదు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఉన్నాయి. కొలిచినంత మేర పొడవు 3,229 మీటర్లు. గండికోటలో నీరు గట్టి రాయిని ఒరుసుకుంటూ పోతే, బెలుంలో అదే నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది. 1884లో బ్రిటిష్ భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980లలో జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ బృందం కొలిచి పటం గీసింది.

పెన్న వెంట ఎగువకు వెళితే తాడిపత్రి. అక్కడి బుగ్గ రామలింగేశ్వరాలయం, చింతల వేంకటరమణాలయం కట్టించినది గండికోట ఏలిన ఈ పెమ్మసాని వంశమే. గండికోటలో దళసరి గోడలు కట్టించినవారు తాడిపత్రిలో రాతిని ఎంత సన్నగా చెక్కించారో చూస్తే, ఇద్దరూ ఒకరేనా అనిపిస్తుంది. బుగ్గ గుడి గోపురాలు పూర్తి కాకుండానే ఆగిపోయాయి. గర్భగుడిలో లింగం దగ్గర మాత్రం నీరు ఊరుతూనే ఉంటుంది. గుడి పేరులోని బుగ్గ అదే.