తప్పంతా రైతుదేనా?

పురుగుమందు కొట్టేటప్పుడు విషం ఎక్కడానికి రైతుల అజాగ్రత్తే కారణమని ఈ మధ్య చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. ఒప్పుకోలేను. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ విషమెక్కి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పత్తి బాగా ఎత్తు పెరగడంతో తుంపర నేరుగా ముఖం మీద పడింది. ఉక్కపోతలో ప్లాస్టిక్ కోటు, మాస్కు వేసుకుని ఎంతసేపు నడవగలరు?

ఎవరూ పట్టించుకోనిది వీపున మోసే స్ప్రేయరు ట్యాంకు మూత. వాషరు అరిగితే మందు కారి వీపు తడుస్తుంది, ఆ చొక్కాతోనే సాయంత్రం దాకా పని. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు చర్మం గుండానే ఒంట్లోకి వెళ్తాయి. విపరీతంగా చెమట, నోట్లో చొంగ, సూదిమొనంత కంటిపాపలు, కండరాల అదురు కనిపిస్తే 108కి ఫోన్ చేసి, బట్టలు విప్పేసి సబ్బుతో ఒళ్లంతా కడగాలి. కడిగేవాళ్లు చేతికి తొడుగులు వేసుకోవాలి. కడుపులోకి పోయినా సరే, దయచేసి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందు డబ్బా లేబుల్ చిరగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆర్గానోఫాస్ఫేట్ అయితే విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడే లేదు. డాక్టరు చేతులు కట్టేసేది ఒంట్లోకి పోయింది ఏ మందో తెలియకపోవడమే.

శ్రీలంక 1995 నాటికి అత్యంత విషపూరితమైన మందుల్ని ఆపేసింది. ఆ తర్వాత అక్కడ పురుగుమందు తాగి చేసుకునే ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. మనం మోనోక్రోటోఫాస్‌ను 2005లో కూరగాయలకు మాత్రమే నిషేధించి, పత్తి పేరుతో ఏళ్ల తరబడి అమ్మనిచ్చాం. దుకాణంలో డబ్బా పత్తికా, వంకాయకా అని ఎవరు అడిగారు?