ఇంటిపేరు ఇండియా గారికి

ఇండియా పేల్ ఏల్ గారికి,

నమస్కారాలు. నిన్న రాత్రి క్విజ్‌లో ఆఖరి ప్రశ్న మీ గురించే వచ్చింది. ఈ బీరు పుట్టిన దేశం ఏది? అందరికంటే ముందు బజర్ నొక్కి 'ఇండియా' అని అరిచాను. క్విజ్‌మాస్టర్ నా వైపు జాలిగా చూశాడు. జవాబు ఇంగ్లండ్. కప్పు పక్క టేబుల్‌కి పోయింది. మా టీమ్‌వాళ్లు ఇప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

పేరు మొదట్లోనే ఇండియా అని బోర్డు పెట్టుకుని తిరిగేవారిని ఏ దేశంవారనుకోవాలండీ?

ఇంటికొచ్చి మీ జాతకం తీశాను. లండన్‌లో హాడ్జ్‌సన్ బ్రూవరీ పేల్ ఏల్‌ను ఇండియాకి ఓడలకెక్కించేది. 1820ల్లో ఇంగ్లండ్‌లోనే బర్టన్ అనే ఊరి బీరు తయారీదారులూ దిగారు. అక్కడి నీళ్లలో జిప్సం ఎక్కువ, అందులో చేదు బాగా తేలుతుంది. నెలల తరబడి సముద్రం మీద పాడవకూడదని బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు దట్టించారు. సరే, ఒడ్డున దిగాక తాగిందెవరు? ఎక్కువగా మళ్లీ ఆ దొరలే! అంటే మా దేశం మీ డెలివరీ అడ్రస్, అంతే. పార్సిల్ మీద అడ్రస్ చూసి పిల్లాడికి పేరు పెడతారా ఎక్కడైనా?

పిల్స్‌నర్ బీరుని చూడండి. 1842లో బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) పిల్సెన్‌లో పుట్టింది, ఆ ఊరి పేరే పెట్టుకుంది. కాచిన జోసెఫ్ గ్రోల్ బవేరియావాడైనా సరే. రష్యన్ ఇంపీరియల్ స్టౌట్ అనే నల్ల బీరు కూడా లండన్‌దేనట. మీ ఇద్దరికీ పేరు పెట్టిన పంతులు ఒక్కడేనా?

అన్నిటికన్నా నాకు మండేది ఆ 'బ్లాక్ ఇండియా పేల్ ఏల్'. పేల్ అంటే లేత రంగు కదా? గ్లాసులో చూస్తే తారు! ఇండియాదీ కాదు, లేతరంగూ కాదు. సిగ్గుండాలి నీకు! నాలుగు మాటల పేరులో రెండు అబద్ధాలా?

ఇది రాస్తూ ఎదురుగా నీ గ్లాసే పెట్టుకున్నాను. గుక్క గుక్కకీ నురుగు అద్దానికి గీతలు గీతలుగా అంటుకుంటోంది. అమెరికా కాస్కేడ్ హాప్స్ పడ్డాక పంపరపనస తొక్క గిల్లినట్టు వాసన. మొదటి గుక్క చేదు. రెండోది... సరే, బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఇంగ్లండ్‌లో పుట్టి, ఇండియా పేరు పెట్టుకుని, అమెరికాలో సెటిలయ్యావు. ఆ ఆఖరి పని మాత్రం అచ్చం మావాళ్లలాగే చేశావు.

ఈ పాయింట్ నిన్న తట్టి ఉంటే కనీసం అర మార్కు కోసం వాదించేవాణ్ణి.

ఇట్లు,
అసలు ఇండియావాడు