జోసెఫ్ మర్ఫీ వైద్యుడు కాదు, చర్చి బోధకుడు

తిరుపతి బైరాగిపట్టెడలో ఉండే మా చిన్నమ్మ షుగర్ మాత్రలు మానేసింది. ఫ్రిజ్ మీది స్టీలు డబ్బాలో పదకొండు రోజుల మాత్రలు అట్లే ఉన్నాయి. ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతున్న మెసేజే కారణం: "అమెరికా మెదడు శాస్త్రవేత్త డాక్టర్ జోసెఫ్ మర్ఫీ పరిశోధనలో తేల్చారు. పడుకునేముందు 'నాకు జబ్బు లేదు' అనుకుంటే షుగర్, క్యాన్సర్ కూడా పోతాయి. మందులు అక్కర్లేదు."

ఆయన శాస్త్రవేత్త కాదు. 1898లో ఐర్లండ్‌లోని కార్క్ కౌంటీలో పుట్టాడు. జెసూట్ అనే క్యాథలిక్ సంఘంలో ఫాదర్ కావాలని చదివి, మధ్యలో వదిలేసి అమెరికాకు వలస వెళ్ళాడు. తర్వాత లాస్ ఏంజిలిస్‌లో 'డివైన్ సైన్స్' చర్చి బోధకుడయ్యాడు. పేరులో సైన్స్ ఉన్నా అది ప్రార్థన చేసుకునే చోటు. పేరు ముందున్న డాక్టర్ కూడా వైద్యానికి సంబంధించింది కాదు.

బోధకుడని చిన్నచూపు లేదు నాకు. ఉపచేతన మనసు, అంటే మనకు తెలియకుండా లోపల పనిచేసే మనసు గురించి 1963లో ఆయన రాసిన పుస్తకం తెలుగులో నేనూ చదివాను. భయంతో నిద్రపట్టని మనిషికి అది ధైర్యం ఇస్తే మంచిదే.

ఇక 'పరిశోధన'. నమ్మకంతో జబ్బు పోతుందన్న ఆలోచన ఆయన కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దంలో అమెరికాలో గడియారాలు చేసిన ఫినియస్ క్వింబీ నాటి నుంచీ ఉన్నదే. తన క్యాన్సర్ గడ్డ ప్రార్థనతో పోయిందని మర్ఫీ రాసుకున్నాడు. అది ఒక మనిషి చెప్పుకున్న అనుభవం. మందు వాడినవాళ్ళనీ వాడనివాళ్ళనీ పోల్చి చూస్తేనే పరిశోధన.

అసలు ప్రమాదం 'మందులు అక్కర్లేదు' అన్న మాటలో ఉంది. బోధకుడు కాకముందు న్యూయార్క్‌లో ఫార్మసిస్టుగా మందులిచ్చిన మనిషి పేరు మీద ఈ మాట తిప్పుతున్నారు! నమ్మకంతో నొప్పి, వికారం, టెన్షన్ కొంత తగ్గుతాయి, నిజమే. కానీ రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్‌ను నమ్మకం పుట్టించదు. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు ఆ అబ్బాయిలా ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం (టైప్ 1) షుగర్ వచ్చిన పిల్లలు కడుపు మాడ్చుకుని కొన్నాళ్ళు బతికేవాళ్ళు, అంతే. వాళ్ళ తల్లులు ఎంత మొక్కుకుని ఉంటారు!

చిన్నమ్మది ఆ రకం కాదు. అయినా పరగడుపున చూస్తే 286 వచ్చింది.

"పుస్తకం తలగడ పక్కనే పెట్టుకో చిన్నమ్మా, మాత్ర వేసుకుని చదువుకో. తగ్గించాలన్నా ఆపాలన్నా నీ రిపోర్టు చూసిన డాక్టరే చెప్పాలి" అన్నాను.

డబ్బా మూత తీస్తూ, "ఆ మెసేజ్ మీ అత్తకు కూడా పంపించాను నాయనా, ఆమెకూ చెప్పు" అంది.