సవరణ: ‘లైవ్ ఎట్ లీడ్స్’లో ఆ చిటపటలు ఎక్కడివి?

ఇంగ్లిష్ రాక్ బృందం ద హూ 1970లో లీడ్స్ నగరంలో చేసిన కచేరీ ఆల్బమ్ ‘లైవ్ ఎట్ లీడ్స్’ గురించి క్రితం పోస్టులో రెండు మాటలు రాశాను: పాత ఎల్పీలో వినిపించే చిటపటలు రికార్డు అరుగుదల వల్లేనని, మర్నాడు హల్ నగరంలో చేసిన కచేరీని బాగా కుదరలేదనే పక్కన పెట్టారని. రెండూ సరికావు.

చిటపటలు అసలు టేపులోనే ఉన్నాయి. అందుకే ఎల్పీ లేబుల్ మీదే ‘ఈ శబ్దాలు ఇంతే, సరిచేయొద్దు’ అనే అర్థంలో చేత్తో రాసినట్టు అచ్చువేశారు. కాబట్టి వాటిని విని రికార్డు పాడైందనుకుని మంచి కాపీని అమ్ముకోకండి, దయచేసి! 1995 సీడీకి వాటిని కంప్యూటర్‌తో చాలావరకు తీసేశారు. అనుమానముంటే చెవిపెట్టి వినండి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే రికార్డుకి ఒక చుట్టు 1.8 సెకన్లు. అడ్డంగా గీత పడితే టిక్కు సరిగ్గా అంత వ్యవధిలోనే మళ్లీమళ్లీ వస్తుంది. టేపులోని చిటపటకు అలాంటి లెక్కేమీ ఉండదు.

ఇక హల్ కచేరీ సంగతి. వాళ్ల వాయింపులో లోపమేమీ లేదు. మొదటి కొన్ని పాటలకు బృంద సభ్యుడు జాన్ ఎంట్‌విసిల్ బేస్ గిటార్ టేపుకెక్కలేదు. 2010లో లీడ్స్ టేపులోని బేస్‌ను వాటికి జతచేసి ఆ కచేరీనీ విడుదల చేశారు.