లైబ్రరీ కార్డుని వెంటనే నిషేధించాలి

న్యూయార్క్‌లో 2018 నుంచీ ఒక ఘోరం జరుగుతోంది, అడిగే నాథుడు లేడు. కల్చర్ పాస్ అంట. 13 ఏళ్ళు నిండి న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్ లైబ్రరీల్లో ఏదో ఒకదాని కార్డుంటే చాలు, ఆన్‌లైన్‌లో తేదీ బుక్ చేసుకుని మ్యూజియంలోకి ఫ్రీగా దర్జాగా వెళ్ళిపోతున్నారు. ఆ కార్డుకీ పైసా కట్టక్కర్లేదు! పైగా 2021లో లేట్ ఫైన్లు కూడా ఎత్తేశారు, ఇంక జనానికి భయం ఎక్కడుంటుంది?

అక్కడి మోడర్న్ ఆర్ట్ మ్యూజియం మోమా వాళ్ళు 2023లో టికెట్ 25 డాలర్ల నుంచి 30 చేశారంటే ఊరికే చేశారా. 30 డాలర్లు పెట్టినోడే కదండీ కళని గౌరవించేది. కాళ్ళు పీకుతున్నా ప్రతి ఫ్లోరూ ఎక్కుతాడు, అర్థం కాని బొమ్మ ముందు కూడా గడ్డం పట్టుకుని నిలబడతాడు, పిల్లలు ఆకలి అని ఏడిస్తే నోర్ముయ్ ఇంకా రెండు ఫ్లోర్లున్నాయి డబ్బులు కట్టాం అంటాడు. కళాభిమానం అంటే అదీ. ఈ పాస్ బ్యాచ్ ఏం చేస్తారు? నేరుగా అక్కడున్న వాన్ గోహ్ బొమ్మ స్టారీ నైట్ దగ్గరికెళ్ళి, కాసేపు దాన్నే చూసి, బాగుంది అనుకుని ఇంటికెళ్ళిపోతారు. ఇదేం పద్ధతి!

మెట్ మ్యూజియం నయం. అక్కడ న్యూయార్క్ రాష్ట్రం వాళ్ళు ఇష్టమొచ్చినంత ఇవ్వొచ్చు, కానీ కౌంటర్‌లో మనిషి మొహం చూస్తూ ఒక్క డాలర్ తీసివ్వాలంటే కాస్తయినా సిగ్గుపడాలి కదా. లైబ్రరీ వాళ్ళు ఆ కాస్త సిగ్గు కూడా లేకుండా చేశారు.

పోనీ రూల్స్ పెట్టినోళ్ళలో ఎవరో ఒక పెద్దమనిషి ఉన్నట్టున్నాడు. ఒక్కో మ్యూజియానికి ఏడాదికి ఒకటే పాస్, చేతిలో ఒకేసారి రెండు బుకింగ్‌లకి మించి ఉండకూడదు. శని ఆదివారాలు ఎలాగూ ముందే ఎగిరిపోతాయి కాబట్టి ఉద్యోగం చేసేవాడికి మిగిలేది ఏ మంగళవారం మధ్యాహ్నమో, దానికి లీవ్ పెట్టాలంటే మేనేజర్‌కి ఏదో ఒక జ్వరం చెప్పాలి. ఆ మాత్రం కష్టం ఉండాలి లెండి.

అదృష్టం ఏంటంటే చాలామందికి ఈ సంగతే తెలీదు, పర్సులో కార్డు పెట్టుకునే క్యూలో నిలబడి టికెట్ కొంటున్నారు. దేశభక్తులు.

నిషేధం కుదరదంటే కనీసం పాస్ వాళ్ళకి వేరే గేటన్నా పెట్టండి. ఇప్పుడు ఎవరు 30 కట్టారో ఎవరు కార్డు మీద వచ్చారో మొహం చూస్తే తెలిసి చావట్లేదు, అందరికీ ఆ బొమ్మ ఒకేలా కనిపిస్తోంది.