డబ్బుకు మినహాయింపు, జనానికి ఉపా

2018 మార్చి 14న లోక్‌సభ నినాదాలతో దద్దరిల్లుతోంది. ప్రత్యేక హోదా కోసం ఆంధ్రప్రదేశ్ ఎంపీలు, రిజర్వేషన్ల కోటా కోసం తెలంగాణ ఎంపీలు ఆందోళనలో ఉన్నారు. ఆ గందరగోళంలోనే ఆర్థిక బిల్లు చర్చ లేకుండా మూజువాణి ఓటుతో గట్టెక్కింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన ఒక సవరణ ఆ బిల్లులో ఉంది. విదేశీ కంపెనీల భారతీయ అనుబంధ సంస్థలు పార్టీలకిచ్చిన చందాలకు అది రక్షణ కల్పించింది. అదీ 1976 ఆగస్టు 5 నుంచి వర్తించేలా!

ఈ సవరణ అవసరం ఎందుకొచ్చింది? కేంద్ర ప్రభుత్వ మాజీ కార్యదర్శి, విశాఖవాసి ఈఏఎస్ శర్మ, ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం (ఏడీఆర్) కలిసి వేసిన పిటిషన్‌పై ఢిల్లీ హైకోర్టు 2014 మార్చి 28న తీర్పునిచ్చింది. వేదాంత గ్రూపు సంస్థల నుంచి చందాలు తీసుకుని కాంగ్రెస్, భాజపా రెండూ చట్టాన్ని ఉల్లంఘించాయని తేల్చి, ఆరు నెలల్లో చర్య తీసుకోవాలంది. చర్య మాట దేవుడెరుగు, చట్టాన్నే వెనుక తేదీతో మార్చేశారు. సభలో ఉప్పూనిప్పూగా ఉండే పార్టీలకు ఇక్కడ మాత్రం పేచీ రాలేదు.

అదే చట్టాన్ని స్వచ్ఛంద సంస్థల విషయంలో మాత్రం 2020 సెప్టెంబరులో మరింత బిగించారు. ఒక సంస్థ తనకొచ్చిన విరాళంలో కొంత పల్లెలో పనిచేసే చిన్న సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించారు. దేశంలో ఏ మూల పనిచేసే సంస్థ అయినా విదేశీ విరాళాన్ని ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలోకి రప్పించుకోవాలన్నారు. 2014లోనే ఇంటెలిజెన్స్ బ్యూరో ఒక నివేదికలో అణు విద్యుత్తును, బొగ్గు గనులను వ్యతిరేకించే సంస్థల వల్ల వృద్ధిరేటు ఏటా రెండు మూడు శాతం పడిపోతోందని రాసింది. భూమి పోతుందని భయపడే రైతును, సముద్రం పాడవుతుందని గోలపెట్టే మత్స్యకారుణ్ని దేశ భద్రత కళ్లద్దాల్లోంచి చూడటం అప్పటికే మొదలైంది.

భద్రత అనవసరమని మేం అనడం లేదు. గోకుల్ చాట్, లుంబినీ పార్కు, దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు హైదరాబాద్‌లో ఇప్పటికీ ఉన్నాయి. బాంబులు పెట్టేవారిపై కఠిన చట్టం ఉండాల్సిందే. కానీ ములుగు జిల్లా తాడ్వాయి పోలీసులు 2022 ఆగస్టులో 152 మందిపై పెట్టిన ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసును చూడండి. అందులో పౌరహక్కుల నేత ఆచార్య హరగోపాల్ పేరుంది. బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ సురేశ్ పేరూ ఉంది. ఆయన 2020లోనే కన్నుమూశారు! పది నెలలకు విషయం బయటపడి విమర్శలు వెల్లువెత్తాక, హరగోపాల్ తదితరులపై కేసు ఎత్తివేయాలని నాటి ముఖ్యమంత్రి ఆదేశించారు. పేరున్నవారు కాబట్టి బయటపడ్డారు. అదే ఏ ఆదివాసీ యువకుడో అయితే అడిగే నాథుడెవరు? ఆ చట్టంలోని 43డి(5) ప్రకారం ఆరోపణ పైపైన నిజమనిపిస్తే చాలు, బెయిలు రాదు. విచారణ ముగిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ ఇదే చట్టం కింద అరెస్టు చేసిన, అమలాపురంలో పుట్టిన ఆచార్య సాయిబాబా నిర్దోషిగా విడుదలయ్యే నాటికి దాదాపు పదేళ్లు గడిచాయి. ఆ తర్వాత ఏడు నెలలకే నిమ్స్‌లో ప్రాణం విడిచారు.

ఒత్తిడి తేవడం ప్రజల హక్కు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణాలపై తిరగబడకపోతే మద్యనిషేధం ఎన్నికల అంశమయ్యేదే కాదు. పారిశ్రామిక సంఘాలు మంత్రులను కలిసి తమ గోడు చెప్పుకోవడాన్నీ మేం తప్పుపట్టం. చాటుమాటు చందాలపైనే మా అభ్యంతరం. దాత పేరు బయటికి రాకుండా పార్టీలకు చందా ఇచ్చే వీలు కల్పించిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేయడంతో ఆ చాటు కొంత తొలగింది. 2018 నాటి సవరణను కూడా పార్లమెంటు ముందుకు తెచ్చి, ఈసారి చర్చ జరిపి రద్దు చేయాలి. 43డి(5)ను సడలించి, బెయిలుపై నిర్ణయాధికారాన్ని న్యాయస్థానాలకు పూర్తిగా వదిలిపెట్టాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ ఠాణాల్లో నమోదైన ఉపా కేసులను విశ్రాంత న్యాయమూర్తితో సమీక్ష చేయించి, ఆ నివేదికను శాసనసభల్లో పెట్టాలి. తాడ్వాయి లాంటి ఎఫ్‌ఐఆర్‌లు ఇంకెన్ని మూలుగుతున్నాయో తెలుసుకునే హక్కు ప్రజలకుంది.